ఖాళీ ఫైలు దొరకలేదని అమీర్‌పేట బస్సెక్కించేస్తారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర, రొయ్యల చెరువులు. మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం, సీఎస్ఈ. కాలేజీలో ప్రాక్టీసు ఇంటర్వ్యూ పెట్టి, ‘ఒక్క డైరెక్టరీ (ఫోల్డర్)లోనే ఖాళీ ఫైళ్లు వెతకాలి, దాని లోపలి డైరెక్టరీల్లోకి వెళ్లకూడదు, ఎలా?’ అంటే నోరు మెదపలేదట. మా తోడల్లుడి కొడుకు బెంగళూరులో డెవాప్స్‌లో, అంటే సాఫ్ట్‌వేరును సర్వర్లలో నడిపించే పనిలో ఉన్నాడు. మావాణ్ణి హైదరాబాద్ పంపి డెవాప్స్ చేయించమంటారా, ఏఐ చేయించమంటారా?

జవాబు: ముందు ఆ ప్రశ్న సంగతి తేల్చేద్దామండి. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే లినక్స్. అందులో ఫైళ్లు వెతికే ‘ఫైండ్’ కమాండు లాకులెత్తిన కాలువ లాంటిది. వదిలేస్తే ప్రతి బోదెలోకీ పారుతుంది. ‘మ్యాక్స్‌డెప్త్ 1’ అంటే తూము మూసినట్టు, పై డైరెక్టరీ దాటి దిగదు. దాని వెనక ‘టైప్ ఎఫ్’ (ఫైళ్లు మాత్రమే), ‘ఎంప్టీ’ (ఖాళీవి మాత్రమే) పెడితే పని అయిపోయింది. ‘టైప్ ఎఫ్’ మరిస్తే ఖాళీ డైరెక్టరీలు కూడా వచ్చి పడతాయి. ఆ ఫైళ్లను తీసేయాలంటే ‘డిలీట్’ అన్నిటికన్నా చివర రావాలి. ‘ఎంప్టీ’కి ముందు పెట్టారో, నిండు ఫైళ్లూ గంగపాలే. అన్నట్టు, ఒక్క ఎంటర్ కొట్టి సేవ్ చేసినా లినక్స్‌లో ఆ ఫైలు ఒక బైటు, ఖాళీ కిందికి రాదు.

అంతే, ఒక్క లైను. మీ భయం మాత్రం దీని గురించి కాదు, వాడికి ఉద్యోగం రాదేమోనని. చెక్‌ట్రేలో ఒక పూట మేత మిగిలిందని చెరువు పట్టేస్తారా మీరు? వాడు చెప్పలేని ఒక్క ప్రశ్న రాశారు. చెప్పిన జవాబుల ఊసే లేదు. తోడల్లుడి కొడుకు మాత్రం ఉత్తరంలో హాజరు! ఇంట్లో రోజూ ఈ పోలికే వింటుంటే ఇంటర్వ్యూలో వాడి నోరెలా పెగులుతుందండీ?

డెవాప్స్ మీద నా అనుమానం కూడా చెబుతాను. నడుస్తున్న సర్వర్లను ఏ కంపెనీ అయినా అనుభవం లేనివాడి చేతిలో పెట్టడానికి జంకుతుంది. డాకర్, కుబర్నెటీస్ అంటూ డెవాప్స్ సాధనాల పేర్లు వల్లించి, ఫైండ్ దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఏఐ అన్నా లెక్కలు, ప్రోగ్రామింగు, మళ్లీ ఈ లినక్సే. కాబట్టి ప్రస్తుతానికి రెండూ వద్దు, డబ్బు దగ్గర పెట్టుకోండి.

వాడి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకోమనండి, అది లినక్స్‌లో ఒక రకం, ఉచితమే. ‘టచ్’ కమాండుతో పైన నాలుగు, లోపలి డైరెక్టరీలో రెండు ఖాళీ ఫైళ్లు చేసి, పై నాలుగే వచ్చేదాకా వెతకమనండి. ఆ సేపు మీరు పక్కన కూర్చోకండి, చెరువు గట్టుకు వెళ్లిరండి.