రాత్రిపూట కనిపించే షుగరు లక్షణాల గురించి మేనకోడలికి

కడప

చిరంజీవి శ్రావణికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు ఆశా కార్యకర్తగా చేరావనీ, 30 ఏళ్లు దాటినవారి వివరాల కోసం ఇంటింటికీ తిరగబోతున్నావనీ మీ అమ్మ చెప్పగానే ఎంతో గర్వపడ్డాను, ఆ వెంటనే బెంగ కూడా పట్టుకుంది. నడుము కొలత, కుటుంబంలో షుగరు ఉందా అన్న ప్రశ్నలతో పాటు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో కూడా తప్పక అడుగు.

మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఆ వేసవిలో ఆయన మిద్దె మీద పడుకుని, చెంబులకు చెంబులు నీళ్లు తాగుతూ, మూత్రానికి మాటిమాటికీ మెట్లు దిగుతూ ఉంటే, కడప ఎండలకు దాహం మామూలేనని ఇంట్లో అందరూ సరిపెట్టుకున్నారు. నిద్ర చెడుతోందని ఆయన పొద్దు గూకినప్పటి నుంచి నీళ్లే మానేశారు. అంతకన్నా పెద్ద తప్పు లేదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని బయటికి వదులుతాయి, అది ఒంట్లోని నీటిని కూడా లాక్కుపోతుంది, ఆ లోటు వల్లనే దాహం వేస్తుంది. నీళ్లు మానినంత మాత్రాన చక్కెర తగ్గదు, ఒళ్లు మాత్రం ఎండిపోతుంది. వానలు పడి రాత్రులు చల్లబడ్డాక కూడా ఆయన లేవడం తగ్గలేదు, చొక్కాలు వదులయ్యాయి, అరికాళ్లు మండుతున్నాయని తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవారు. కాలి పుండు మానకపోయేసరికి గానీ రక్తపరీక్ష జరగలేదు, అప్పటికి రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది.

ఎండ వల్లనో వయసు వల్లనో అని ఎవరైనా అంటే తలూపి వచ్చేయకు. మగవారికి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి వాపు వల్ల, బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రల వల్ల కూడా రాత్రి లేస్తారు కనుక, షుగరేనని నువ్వు తేల్చనూ వద్దు. పరగడుపు పరీక్షకు పంపు. 126 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు చూడాలి.

ఇప్పటికే ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రలు గానీ వాడేవారికి నిద్రలో చెమటలు, పీడకలలు, లేవగానే తలనొప్పి ఉంటే చక్కెర 70 కన్నా తక్కువకు పడిపోతోందేమో చూడాలి. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయమను. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ తడుపుతూ, దాహంతో చిక్కిపోతుంటే తిట్టనివ్వకు తల్లీ, ఆ రోజే ఆసుపత్రికి పంపు.

మీ నాన్న కూడా ఈమధ్య రాత్రుళ్లు లేస్తున్నాడట, ఎండలంటున్నాడట. నీ మొదటి ఇల్లు మీ ఇల్లే కావాలి. వాడి పరగడుపు పరీక్ష ఫలితం నాకు ఈ వారంలోనే రాయి.

మీ అత్త