కళ్ళు మూసుకుంటే నాన్నగారు తూలుతున్నారు: సమాధానం

నమస్తే అండీ. మీ నాన్నగారికి పన్నెండేళ్ళుగా షుగర్ ఉందని, వాష్‌బేసిన్ దగ్గర సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ముందుకు తూలుతున్నారని, కళ్ళ డాక్టరు మాత్రం చూపు బాగానే ఉందన్నారని రాశారు. నాకైతే పాదాల మీదే అనుమానం.

మనం తూలకుండా నిలబడాలంటే మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్ళు, లోపలి చెవి, పాదాల్లో కీళ్ళలో ఉండే స్పర్శ. షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతింటే ఆ లోటును కళ్ళే పూడుస్తాయి. అందుకే పగలు మామూలుగా తిరుగుతారు, కళ్ళు మూసినా కరెంటు పోయినా ఆ ఆసరా పోతుంది. మా అమ్మకి కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, ఒంటి చెప్పుతో హాల్లోకి వచ్చేసేది. మీ నాన్నగారిని కూడా గమనించండి.

న్యూరాలజిస్టుకి, అంటే నరాల డాక్టరుకి చూపించండి. పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్ళు మూయించి చూస్తారు. దాన్ని రాంబర్గ్ పరీక్ష అంటారు. ఇంట్లో ఒంటరిగా చేయనివ్వకండి. కాలి బొటనవేలికి ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే అదిరే లోహపు కడ్డీ) ఆనించి అదురు తెలుస్తోందా అని కూడా అడుగుతారు. చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష గురించి తప్పకుండా అడగండి. ఆ మందు వల్ల బి12 తగ్గవచ్చు, తగ్గినా ఇలాగే తూలుతారు.

ఈ రాత్రి నుంచే మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉంచండి. ముఖం కడిగేటప్పుడు ఒక చెయ్యి బేసిన్ మీదే ఉండాలి, స్నానం కుర్చీలో కూర్చునే. ఉన్నట్టుండి తూలి, మాట తడబడినా మూతి వంకరపోయినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.