రెమ్‌డెసివిర్ ఇస్తుండగా పల్స్ 46కి పడిపోయింది, గుండె దెబ్బతిన్నట్టేనా?

మీ అమ్మగారికి కోవిడ్ అని, రెమ్‌డెసివిర్ మూడో డోసు అయ్యాక పల్స్ 46కి వచ్చిందని, కళ్ళు తిరగడం గానీ ఆయాసం గానీ లేవని రాశారు. మందు ఆపించమని అడగాలా అన్నది మీ ప్రశ్న. నేను డాక్టర్ని కానండి. 2021 మేలో మా నాన్నగారికి అచ్చం ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మొదటి రోజు 200 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకి 100 చొప్పున ఐదు రోజుల కోర్సు. నాలుగో రోజు తెల్లవారుజామున అన్నయ్య వార్డు నుంచి వీడియో కాల్ చేసి ఆక్సీమీటర్ చూపించాడు. ఆక్సిజన్ 95. హమ్మయ్య అనుకునేలోపు పక్కనున్న పల్స్ అంకె కనబడింది, 44. అన్నయ్య రోజూ పంపే అంకెలు రెండూ నేను నోటుబుక్‌లో రాస్తూనే ఉన్నాను. వెనక్కి తిప్పితే 82, 70, 58, 51... మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చింది. మా కళ్ళన్నీ ఆక్సిజన్ మీదే ఉండి ఇది చూసుకోలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈసీజీ తీసి సైనస్ బ్రాడీకార్డియా అన్నారు. అంటే గుండె కొట్టుకునే క్రమం సరిగానే ఉంది, వేగం తగ్గింది. ఈ మందుకి తెలిసిన సైడ్ ఎఫెక్టే అది. రెమ్‌డెసివిర్ ఒంట్లోకి వెళ్ళాక అడినోసిన్‌ని పోలిన రూపంలోకి మారుతుంది. గుండె మరీ వేగంగా కొట్టుకుంటుంటే దాన్ని నెమ్మది చేయడానికి డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్ కూడా అడినోసినే. అందుకే పల్స్ తగ్గుతుందని భావిస్తున్నారు. చాలామందిలో మందు అయిపోయిన కొద్ది రోజుల్లో మామూలుకి వచ్చేస్తుంది.

అయితే డ్యూటీ డాక్టర్ గారు "ఇంట్లో ఏం మందులు వాడతారు?" అని అడిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. నాన్నగారు బీపీకి ఏళ్ళ తరబడి మెటోప్రొలాల్ వేసుకుంటున్నారు. అదీ పల్స్ తగ్గించేదే. అమ్మ డబ్బాలో పెట్టి పంపింది, ఆయన రోజూ వేసుకుంటున్నారు, కేస్‌షీట్‌లో మాత్రం లేదు. డాక్టర్ గారు దాన్ని తాత్కాలికంగా ఆపి, బీపీ బాగానే ఉందని చూసుకుని, చివరి డోసు మానిటర్ పెట్టి ఇచ్చారు. రెండు రోజులకి పల్స్ 60 దాటింది. డిశ్చార్జ్ నాటికి 72.

కాబట్టి గుండె దెబ్బతిన్నదని ఇప్పుడే భయపడకండి. అలాగని ఆక్సీమీటర్ అంకెతో సరిపెట్టుకోకుండా ఈ రోజే ఈసీజీ తీయించమనండి. మిగతా డోసుల సంగతి అది చూసి వాళ్ళు నిర్ణయిస్తారు. ఈలోగా స్పృహ తప్పినట్టున్నా, ఛాతీ నొప్పి వచ్చినా, బీపీ పడిపోయినా ఒక్క నిమిషం ఆగొద్దు, వెంటనే పిలవండి.

ఈసీజీలో క్యూటీసీ ఎంతుందో కూడా అడగండి. అంటే ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు గుండెలో విద్యుత్ మొదలై మళ్ళీ మామూలు స్థితికి రావడానికి పట్టే సమయం, పల్స్ వేగానికి తగ్గట్టు సరిచేసి లెక్కగట్టింది. 2020లో కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్ కలిపి ఇచ్చిన రోజుల్లో డాక్టర్లని టెన్షన్ పెట్టింది ఇదే. పల్స్ మామూలుగానే ఉన్నా ఈ క్యూటీసీ 500 మిల్లీసెకన్లు దాటితే లయ ఒక్కసారిగా తప్పి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, విరేచనాలతో పొటాషియం తగ్గినవాళ్ళకి ముప్పు ఎక్కువ. వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా క్యూటీసీని పెంచేదే.

ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న మాత్ర కొత్త మందుతో కలిసి గుండె మీద పడటం కోవిడ్‌లోనే కాదు. హెపటైటిస్ సీకి సోఫోస్‌బువిర్ ఉన్న మందులు వాడుతూ, గుండె లయకి అమియోడరోన్ కూడా వేసుకున్నవాళ్ళలో పల్స్ ప్రమాదకరంగా పడిపోయిందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరించింది. ఒకరు చనిపోయారు, ముగ్గురికి పేస్‌మేకర్ పెట్టాల్సి వచ్చింది.

అందుకని ఈ రాత్రికే అమ్మగారి మందుల కవర్ తీసి, ప్రతి స్ట్రిప్ ఫోటో తీసి డాక్టర్ గారికి చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. కళ్ళలో వేసుకునే చుక్కలుంటే వాటినీ వదలొద్దు. గ్లకోమాకి వాడే టిమొలాల్ చుక్కలు కూడా పల్స్ తగ్గిస్తాయి, అవి మందులని చెప్పాలని చాలామందికి తట్టదు.