క్వాంటం డాట్ టీవీ పక్కన పెద్ద స్పీకర్ పెడితే అయస్కాంతానికి రంగులు పాడవుతాయా?

పాడవవు. నిశ్చింతగా పెట్టుకోండి.

ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు, ఆ పాపం నేనూ చేశాను. అంబాజీపేట దగ్గర మా ఊళ్లో, పాత రేడియోలోంచి పీకిన అయస్కాంతాన్ని డబ్బా టీవీ తెరకి ఆనించాను. వార్తలు చదివే ఆవిడ మొహం సగం ఆకుపచ్చ, సగం వంగపండు రంగు. తీసేసినా మచ్చ పోలేదు. మెకానిక్ వచ్చి, తెర ముందు తీగచుట్ట తిప్పుతూ, "ఆయ్, ఇది బాబుగారి పనేనండి" అని నాన్నగారికి చెప్పేశాడు. అందులో ఎలక్ట్రాన్లు వెనకనుంచి దూసుకొచ్చి తెరని కొట్టేవి, అయస్కాంతం వాటి దారి మళ్లించేది. ఇప్పటివాటిలో ఆ ప్రయాణమే లేదు. వెనక నీలం ఎల్‌ఈడీలు, ముందు క్వాంటం డాట్ల పొర, అంటే కంటికి ఆనని నానోమీటర్ల సైజు స్ఫటికాలు. డాట్లు నీలాన్ని మింగి ఎరుపు, ఆకుపచ్చ కక్కుతాయి. అమలాపురంలో షాపు కుర్రాడు ఇదంతా నాకే తప్పుల తడకగా పాఠం చెప్పాడు. విన్నాను, ఏం చేస్తాం.

అయితే డాట్‌కి అయస్కాంతం తగిలితే ఏమీ కాదా? ఎందుకు కాదు! నా పీహెచ్‌డీ అంతా అదే. ఇండియం ఆర్సెనైడ్ డాట్లు, ద్రవ హీలియం, 4 కెల్విన్ల (మైనస్ 269 డిగ్రీల) చలి, సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం. ఒక్క డాట్ మీద లేజర్ వేసి కూర్చునేవాణ్ణి. అయస్కాంత ఫీల్డు లేనప్పుడు, డాట్ ఇచ్చే వెలుగు శక్తిని చూపే కంప్యూటర్లో ఒకటే సన్నటి గీత. రాత్రి రెండింటికి 1 టెస్లా (ఫీల్డు బలానికి కొలత) దగ్గర గీత కాస్త లావెక్కింది. ఫోకస్ జారిందనుకుని అరగంట స్క్రూలు తిప్పి, నన్ను నేనే తిట్టుకున్నా. 3 టెస్లాకి పాపిడి తీసినట్టు రెండుగా చీలింది. 1896లో డచ్ శాస్త్రవేత్త జీమన్‌కీ సోడియం వెలుగులో ముందు గీతలు లావెక్కడమే కనిపించింది. ఆయన స్క్రూల జోలికి పోలేదు, నోబెల్ వచ్చింది.

9 టెస్లాకి రెండు గీతలూ ఎడంగా నిలబడ్డాయి. పీచు తాడు పేనినట్టు, ఒక వెలుగు అలది కుడి పురి, రెండోదానిది ఎడమ పురి. పైగా రెండూ కలిసి ఎక్కువ శక్తి వైపు జరిగాయి. ఫీల్డు రెట్టింపయితే ఆ జరగడం నాలుగింతలు.

తెల్లారి అమ్మకి ఫోన్ చేస్తే, "ఏ రంగురా ఆ వెలుగు?" అంది. ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదమ్మా అన్నాను.

"కనపడని వెలుగు రెండయిందని రాత్రంతా మేలుకున్నావా? ఏమైనా తిన్నావా?"

ఆ చీలిక ఎంతంటే, శక్తి లెక్కలో సుమారు ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు. వెలుగు శక్తి దానికి వెయ్యి రెట్లకి పైనే. అదీ 9 టెస్లాకి! ఆస్పత్రి ఎంఆర్ఐ మామూలుగా 1.5 టెస్లాయే. మీ హాల్లో వేడికైతే డాట్ గీత దానంతటదే అంతకి పదుల రెట్లు లావుగా ఉంటుంది. స్పీకర్ ఏం చేస్తుంది పాపం.

ముందు స్టెబిలైజర్ కొనుక్కోండి. పోయిన వానాకాలం కొబ్బరిమట్ట కరెంటు తీగల మీద పడి మా ఇంట్లో టీవీ కాలిపోయింది. అదీ డాట్ల టీవీయే.