పాత ఆడి టీటీ కారు సస్పెన్షన్‌ను వరంగల్‌లో తక్కువ ఖర్చుతో బాగు చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. హైదరాబాద్ దాకా బండి తీసుకెళ్లాల్సిన పని కూడా లేదు, మన ఆటోనగర్ చాలు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టకటకమంటోందని, నాలుగు షాకబ్జర్లూ మార్చాలని ఎస్టిమేట్ ఇచ్చారని రాశారు. నాదీ రెండో తరం టీటీయే. నాకూ అచ్చం అలాంటి ఎస్టిమేటే చేతిలో పెట్టారు, లక్ష దాటింది. మీరు పైసా కట్టకముందే బండి పైకి లేపించి రబ్బర్లు, అంటే కీళ్ల దగ్గర అదురు ఆపే బుష్‌లు, చూడండి. మన రోడ్ల మీద ముందు పోయేది రబ్బరే, షాకబ్జరు కాదు. ఈ మాట ఎవరితోనైనా వాదించి చెప్తాను.

గ్రానైట్ లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ కరీంనగర్ రోడ్డు మీద నా బండి శబ్దం భరించలేనంతగా పెరిగింది. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఎక్కువగా బొలెరోలు, క్వాలిస్‌లు చేసే మనిషి. ఆడి అని చూసి జంకలేదు. జాకీ వేసి, స్టాండ్లు పెట్టి, కింద పడుకుని, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య పొడుగాటి ఇనుప రాడ్ దూర్చి నొక్కాడు. "సార్, ఇట్ల రా, సూడు" అన్నాడు. నేనూ పక్కన అట్ట పరుచుకుని పడుకున్నా. నొక్కినప్పుడల్లా వెనక బుష్ నోరు తెరుస్తోంది, చిటికెన వేలి కొస పట్టేంత చీలిక. మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను చేత్తో ఊపితే టక్కుటక్కుమని ఆడింది. షాకబ్జర్ల మీద మాత్రం దుమ్మే ఉంది, ఆయిల్ చెమ్మ లేదు. "షాకబ్జర్లకేం కాలే. బుష్‌లు, లింకులు, పైన మౌంట్లు ఏస్తె అయిపాయె" అన్నాడు. సరిగ్గా అంతే అయింది. మొత్తం ఖర్చు ఆ ఎస్టిమేట్‌లో మూడో వంతు కూడా కాలేదు.

సామాను దగ్గర డబ్బు మిగలాలంటే పార్ట్ నంబర్ చదవడం రావాలి. ఈ టీటీ కింద ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ ఐదో తరం గోల్ఫ్ కారు ప్లాట్‌ఫామే, అంటే కింది చట్రం. మన దగ్గర తిరిగే స్కోడా లారాదీ అదే. ఈ ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్ల పార్ట్ నంబర్‌లో మొదటి అక్షరాలు ఆ భాగాన్ని మొదట ఏ మోడల్ కోసం చేశారో చెబుతాయి. 8జే అంటే టీటీది, 1కే అంటే గోల్ఫ్‌ది. నా బండికి పడ్డ లింక్ రాడ్లు, స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసిన భాగం) మౌంట్లు 1కేతో మొదలయ్యేవే. హైదరాబాద్ స్పేర్ పార్టుల బజార్లు పుత్లిబౌలిలోనో రాణిగంజ్‌లోనో అడిగేటప్పుడు నంబర్ మాత్రమే చెప్పండి, బండి పేరు ఎత్తకండి. ఆడి అనే మాట వినబడగానే రేటు మారిపోతుంది. లెమ్‌ఫోర్డర్, ఫెబీ లాంటి పేరున్నవి కొనండి, పేరు లేని డబ్బాలోవి వద్దు. స్ప్రింగులు, షాకబ్జర్లు మార్చాల్సి వస్తే మాత్రం టీటీవే వేయాలి, అదీ జతగా. మీ బండికి మాగ్నెటిక్ రైడ్ (కరెంటుతో గట్టిదనం మారే షాకబ్జర్లు) ఉంటే షాకబ్జర్‌కు కరెంటు వైరు కనిపిస్తుంది, దాని ఖర్చు లెక్కే వేరు.

అసలు ఈ బుష్‌లను చంపేది కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న సిమెంటు దిమ్మెలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. హన్మకొండ గల్లీల్లో అడుగు వెడల్పుతో గోడలా లేపుతారు, తెల్ల గీత కూడా ఉండదు. రాత్రిపూట గర్భిణిని ఆటోలో తీసుకెళ్లేవాళ్ల పరిస్థితి ఏమిటో పోసేవాళ్లు ఒక్కసారైనా ఆలోచించరు.

బిగించే పద్ధతి మీద మాత్రం పట్టుబట్టండి. చక్రం గాల్లో వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు ఫుల్ టైట్ చేస్తే, బండి కిందికి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ పిండిన బట్టలా మెలి తిరిగే ఉంటుంది. కొత్త బుష్ కూడా త్వరగానే చిరుగుతుంది. బండి లేపకముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ (మడ్‌గార్డు) అంచు దాకా టేపుతో కొలిచి రాసుకున్నాను. అన్నీ వదులుగా బిగించాక హబ్ (చక్రం బిగించే భాగం) కింద జాకీ పెట్టి అదే కొలతకు లేపించి, అప్పుడు ఫైనల్ టైట్ చేయించాను. మెకానిక్‌కు ఇది చాదస్తంగా అనిపించింది, అయినా చేశాడు. పాత బుష్ తీయడానికి సుత్తి వాడనివ్వకండి, లేత్ షాపులో ప్రెస్ మీద తీయించండి. స్ట్రట్ విప్పితే స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ ఉండాల్సిందే. తాళ్లు, తీగలు కట్టి విప్పే చోట ప్రాణం పోతుంది, అక్కడి నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

చివర్న అలైన్‌మెంట్ ముందు చక్రాలకే చేసి పంపిస్తారు. టీటీకి వెనక కూడా క్యాంబర్ (చక్రం నిలువు వాలు), టో (చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) సర్దే బోల్టులు ఉన్నాయి. అవి తుప్పు పట్టి తిరగకపోతే ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి.