47 ఏళ్లకు ఉద్యోగం మాని, అప్పు చేసి కోర్సా?

ప్రశ్న: నా వయసు 47. ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. వయసుతో చురుకుదనం తగ్గిపోతోందని, కుర్రవాళ్లతో పోటీ పడలేనని భయం పట్టుకుంది. ఉద్యోగం మానేసి 9 నెలల డేటా కోర్సులో చేరాలనుకుంటున్నాను. ఫీజు మా ఇంటి 10 నెలల ఖర్చంత. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ దొరుకుతుంది. చేతిలో 2 నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. నలభై దాటిన చాలామంది ఇదే భయంతో ఇదే తప్పు చేస్తున్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు లెక్క చూడండి. ఈ అప్పుకు ఈఎంఐ మీ నెల ఖర్చులో దాదాపు 34 శాతం అవుతుంది. జీతం ఆగిన రోజు నుంచి నెలకు 1.34 నెలల ఖర్చు కావాలి. మీ దగ్గరున్నది నెలన్నరకు అయిపోతుంది. కోర్సు 9 నెలలు! రెండో నెలలోనే ఇంకో అప్పు వెతుక్కుంటారు, అది 14 శాతానికి దొరకదు. మూడేళ్లలో మొత్తం కట్టేది 12.3 నెలల ఖర్చు. కోర్సు తర్వాత ఉద్యోగం వస్తుందన్న నమ్మకం మీద ఇంత భారం పెట్టుకోవడం ప్లాన్ కానే కాదు.

ఇక అసలు భయం సంగతి. ఒకే రోజున 27 ఏళ్లవాళ్లనూ 47 ఏళ్లవాళ్లనూ పోల్చితే కనిపించే తేడా అంతా వయసుది కాదు, వాళ్లు చదివిన చదువులే వేరు. జర్మనీలో 2012లో పరీక్షించిన పెద్దవాళ్లనే 2015లో మళ్లీ పరీక్షించారు. 2025లో వెలువడిన ఆ విశ్లేషణ ప్రకారం చదివి అర్థం చేసుకునే శక్తి, లెక్కల నైపుణ్యం సగటున నలభైల దాకా పెరుగుతున్నాయి. ఆ తర్వాత మొదటిది కొద్దిగా, రెండోది ఎక్కువగా తగ్గుతున్నాయి. కానీ పనిలో, ఇంట్లో వాటిని సగటు కంటే ఎక్కువగా వాడేవాళ్లలో 65 ఏళ్ల దాకా తగ్గుదల కనిపించలేదు. వాడకం అంటే ఖర్చులు, బడ్జెట్లు లెక్కగట్టడం, శాతాలు, చార్టులు, సూత్రాలతో పనిచేయడం. అవన్నీ మీ ఆఫీసులోనే ఉన్నాయి. ఉద్యోగం మానేస్తే నైపుణ్యాన్ని నిలబెట్టే చోటునే వదులుకున్నట్టు.

కొత్త విషయం పట్టుకునే వేగం తగ్గుతుంది, నిజమే. అందుకే మీకు 9 నెలల హడావిడి కోర్సు కంటే రెండేళ్ల నిదానమైన అభ్యాసం నయం. రొటీన్ ఎంట్రీలతో సరిపెట్టుకోకుండా నెలవారీ బడ్జెట్ తేడాల విశ్లేషణ, అంచనాల తయారీ అడిగి తీసుకోండి.

ఇప్పుడు అత్యవసర నిధి. మామూలుగా 6 నెలల ఖర్చు చాలంటారు. 45 దాటాక నేను 12 నెలలు ఉండాల్సిందే అంటాను, ఎందుకంటే ఈ వయసులో ఉద్యోగం పోతే మరొకటి దొరకడానికి ఎక్కువ సమయం పడుతుంది. నిధి లేనివాళ్లు మొదట వచ్చిన తక్కువ జీతానికే తలూపుతారు, ఆ జీతమే తర్వాతి ఉద్యోగానికి కొలబద్ద అవుతుంది. ఈఎంఐగా కట్టాలనుకున్న ఆ 34 శాతాన్నే నెలనెలా నిధిలో వేయండి. ఇప్పుడున్న 2 నెలల డబ్బుతో కలిపి ఏడాదికి 6 నెలల నిధి, దాదాపు రెండున్నరేళ్లకు 12 నెలల నిధి చేతికొస్తుంది. జీతం పడిన రోజే వేరే ఖాతాకు వెళ్లిపోవాలి, నెలాఖరున మిగిలింది వేద్దామంటే మిగలదు. ఆ ఖాతాకు కార్డు పెట్టుకోకండి.

6 నెలల మార్కు దాటాక కోర్సును ముక్కలుగా, ఒక్కో సబ్జెక్టుకు విడిగా ఫీజు కడుతూ, సాయంత్రం వేళల్లో చేయండి. ఒకటి పూర్తిచేసి ఆఫీసులో వాడాకే రెండోది. దీర్ఘకాలిక పెట్టుబడులుంటే కదిలించకండి.

కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం (వాటి ఖర్చు బీమా చెల్లించని మొదటి కాలం) జీతం వస్తుండగానే గడిచిపోవాలి. కోర్సుకు అడ్వాన్సు కట్టి ఉంటే, వాపసు గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే రసీదు తీసి చూడండి.