బయోటెక్ ఎమ్మెస్సీకి అప్పు చేయొద్దని ఎందుకంటున్నానంటే

చెల్లెలి బీఎస్సీ అయిపోయింది, హైదరాబాద్‌లోనే ఓ ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ బయోటెక్ చేయించడానికి ఆరు లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకుందామనుకుంటున్నాం, వచ్చే జీతంతో తీరుతుందా అని ఒకరు అడిగారు. తీరదు. తీరినా ఇంట్లో అందరి ప్రాణం తీసి తీరుతుంది. నేను ఐదు లక్షలకే ఆ పాట్లు పడ్డాను.

మాది ఉప్పల్. నాన్న ఆర్టీసీ కండక్టర్. బైపీసీ చదివి మెడిసిన్ సీటు రాకపోతే మన ఇళ్లలో ఏం జరుగుతుందో తెలిసిందే, బీఎస్సీలో చేర్పిస్తారు. అది అవ్వగానే "ఉత్త బీఎస్సీకి ఉద్యోగం ఎవరిస్తారు, పీజీ చేయించు" అని పెళ్లిళ్లలో కనిపించిన ప్రతివాళ్లూ నాన్నకు చెప్పేవాళ్లు. 2013లో నా ఎమ్మెస్సీ బయోటెక్‌కి ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున ఐదు లక్షల లోన్ తీసుకున్నాం, 11 శాతం వడ్డీ. నాలుగు లక్షలు దాటింది కాబట్టి బయటి మనిషి పూచీ కావాలన్నారు. సలహాలు చెప్పినవాళ్లలో ఒక్కరూ రాలేదు. నల్గొండ నుంచి మా బాబాయ్ స్కూలుకి సెలవు పెట్టి వచ్చి సంతకం చేశారు.

2016లో కంతులు మొదలయ్యే ముందు బ్యాంకుకి రమ్మన్నారు. మేనేజర్ గారు స్టేట్‌మెంట్ తీసి నాన్న ముందు పెట్టారు. 6,37,500. "తీసుకుంది ఐదు లక్షలే కదా సార్" అన్నారు నాన్న. "కోర్సు రెండేళ్లూ, ఆ తర్వాత ఏడాదీ కట్టడమే ఆగుతుందండీ, వడ్డీ ఆగదు. అదంతా ఇప్పుడు అసల్లో కలిసింది" అన్నారాయన. నాన్న ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి పెన్ను తీసి, టోకెన్ చీటీ వెనక్కి తిప్పి, మొదటి రెండున్నర లక్షలకు మూడేళ్ల వడ్డీ 82,500, రెండో దానికి రెండేళ్లది 55,000 అని వేసుకున్నారు. ముప్ఫై ఏళ్లు బస్సులో నిలబడి లెక్కలు వేసిన చెయ్యి. రెండూ కూడి, కింద గీత గీసి, "లెక్క సరిగ్గానే ఉందమ్మా" అన్నారు నాతో. తప్పుంటే బాగుండేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఏడేళ్లకు నెల కంతు 10,900. అప్పటికి నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో చేస్తున్నాను. సూక్ష్మజీవులు పెరగడానికి వేసే మీడియా వండడం, దాన్ని ఆవిరి ఒత్తిడితో శుద్ధిచేయడం (ఆటోక్లేవ్), ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో పెట్టి మూడు రోజులకు కాలనీలు లెక్కపెట్టడం, రిజిస్టర్‌లో రాయడం. పని ఇష్టమే, ఇప్పటికీ ఇష్టమే. కానీ పీఎఫ్, బస్సు, క్యాంటీన్ పోను చేతికొచ్చేది 14,200. ఒక నెల జీతం పదో తేదీ దాకా పడలేదు, ఐదో తేదీ కంతు బౌన్స్ అయింది. బ్యాంకువాళ్లు నాకు కాకుండా బాబాయ్‌కి ఫోన్ చేశారు, ఆయన క్లాసులో ఉండగా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి "అన్నా, డబ్బులు పంపాలా" అని మాత్రం అడిగారట.

డ్యూటీకి వెళ్లే దారిలో రోజూ హబ్సిగూడలో సీసీఎంబీ అనే బయాలజీ పరిశోధన సంస్థ మీదుగా వెళ్లేదాన్ని. లోపల నా సబ్జెక్టే చదివి, నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకున్నవాళ్లకు అప్పట్లో నెలకు 25,000 ఇచ్చేవారు. నేను అప్పుచేసి చదువుకుంటే వాళ్లు జీతం తీసుకుని చదువుకుంటున్నారు. 2023 నుంచి ఆ ఫెలోషిప్ 37,000 అయింది, చేరిన రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) వేరే. బయాలజీ మీద ఇష్టం ఉన్న పిల్ల వెళ్లాల్సిన దారి అది. మా కాలేజీలో రెండేళ్లలో ఒక్క లెక్చరర్ కూడా ఆ పరీక్ష గురించి గట్టిగా చెప్పలేదు, ఫీజు గడువు తేదీలు మాత్రం నోటీసు బోర్డు నిండా ఉండేవి.

చివరికి నేను అమీర్‌పేట బాట పట్టాను. మైత్రీవనం చుట్టూ ఉద్యోగం గ్యారంటీ అని రాసుకున్న బోర్డులకు లెక్కలేదు, అందులో సగం మాటలు నమ్మడానికి లేదు. అక్కడ మెడికల్ కోడింగ్ నేర్చుకుని, దానికి సంబంధించిన సీపీసీ సర్టిఫికెట్ పరీక్ష పాసై, అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి కోడ్‌లు వేసే ఉద్యోగంలో చేరాను. ఇంటర్వ్యూలో అనాటమీ అడిగారు, ఎమ్మెస్సీ గురించి ఎవరూ అడగలేదు. నా పక్క సీటు అమ్మాయి బీఎస్సీనే, జీతం ఇద్దరికీ ఒకటే. ఆ జీతం పెరిగాక, చిట్టీ కూడా పాడుకుని, 2021లో లోన్ మూసేశాను.

కాబట్టి ప్యాకేజీల మాట పక్కనపెట్టి, మొదటి ఉద్యోగంలో చేతికొచ్చే డబ్బులోంచి నెల కంతు తీసేసి చూడండి. చెల్లెలికి పీజీయే కావాలంటే ఒక ఏడాది ఇంట్లో కూర్చుని చదివినా నష్టం లేదు. ఉస్మానియాకి సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి, ఈ ప్రవేశ పరీక్షలు రాయించండి. గ్యాట్-బిలో సీటొస్తే స్టైపెండ్ కూడా ఇస్తారు.

ఇంత విన్నాక కూడా లోనే గతి అంటే, మొదటి నెల నుంచే వడ్డీ కట్టుకుంటూ పోండి. మాకు మొదటి ఏడాది అది నెలకు 2,300 లోపే అయ్యేది. ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాన్న ఓవర్‌టైమ్ డబ్బులతో కట్టేసేవారు.